నీరుగజ్జె పూసే చోటు

పడమటి కొండ కొస మీద గుర్రాన్ని నిలిపి కిందికి చూసిన యువరాజు మేఘకేతుడు కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

అక్కడ వెయ్యి మడుగుల చిత్తడి ఉండాలి. మణిగర్భ రాజ్యపు పటాలన్నిటిలో పడమటి అంచున పచ్చరంగు పూసి ఉండేది దానికే. చిన్నప్పుడు దాదులు చెప్పగా విన్నాడు. మనిషిని మించి ఎదిగిన జమ్ము దుబ్బులట. వాటి నడుమ అద్దాలు పరిచినట్టు మడుగులట. పొద్దున్నే బెగ్గురు పిట్టలన్నీ ఒక్కసారి లేస్తే ఆ రెక్కల చప్పుడుకు కొండకు ఇవతలి ఊళ్లు మేలుకునేవట. తామరలు, కలువలు, పేరు తెలియని పూలు వంద రకాలు, ఒకటి వాడేలోగా ఇంకొకటి విచ్చుకుంటూ ఏడాది పొడవునా పూసేవట.

ఇప్పుడు కనుచూపు మేర తెల్లగా పొక్కిపోయిన నేల. పాత కుండపెంకులు పేర్చినట్టు పగుళ్లు. ఎండిన జమ్ము మోళ్లు గాలికి గరగరలాడుతున్నాయి. ఆ తెలుపు అంచున ఒకే ఒక్క నీటిగీత మెరుస్తోంది. అది తరళ కాలువ. తన భార్య పేరున తను తవ్వించినది.

పున్నమికి మూడు రోజులే ఉంది. రాజధానికి సరిగ్గా మూడు రోజుల దారి.

పదిరోజుల కిందట శుష్కమౌళి అనే మాంత్రికుడు బైరాగి వేషంలో కొలువుకు వచ్చి, కోశాగారంలోని చంద్రకాంతమణిని దానం అడిగాడు. మేఘకేతుడు ఇవ్వనన్నాడు. మాంత్రికుడు పళ్లు కొరికి, అరచేతిలో బూడిద పోసుకుని అతని మీదికి ఊదాడు. పక్కనే కూర్చున్న తరళ ఒక్క ఉదుటున లేచి అడ్డం నిలబడింది. మర్నాటికి ఆమె కళ్లలో తడి ఆరిపోయింది. ఏడవబోతే కన్నీరు రాలేదు. తర్వాత పెదవులు ఎండాయి, తర్వాత గొంతు. పున్నమి వెన్నెల సోకగానే ఎండుటాకై రాలిపోతుందని రాజవైద్యుడు చెప్పాడు. మందు ఒక్కటే ఉంది. నీరుగజ్జె పువ్వు విచ్చుకునే ఘడియలో దాని గొంతులో ఊరే మూడు చుక్కల తేనె. అది పూసేది వెయ్యి మడుగుల చిత్తడిలోనే.

వైద్యుడు ఆ పువ్వును తాటాకు మీద బొమ్మ గీయించి ఇచ్చాడు. అయిదు తెల్లటి రేకులు, ఊదారంగు గొంతు, కాలిగజ్జెలా కిందికి వేలాడే పువ్వు. మాంత్రికుడి వేగుల కంట పడకుండా జమ్ముచాపల బేరగాడి వేషం వేసుకుని, ఆ తాటాకు నడుములో దోపుకుని, మేఘకేతుడు ఒంటరిగా బయలుదేరాడు.

కొండ దిగి కాలువ గట్టు వెంట కొంతదూరం పోయేసరికి అతను గుర్రం మీంచి కిందికి దూకాడు. అవతలి ఒడ్డున, పారే నీటి అంచున, గుత్తులు గుత్తులుగా తెల్లటి గజ్జెపూలు! తాటాకు తీసి పోల్చుకున్నాడు. అయిదు రేకులు. ఊదా గొంతు. ఒక్క గీత కూడా తేడా లేదు.

"తరళా!" అని గట్టిగా అరిచి నీళ్లలోకి దూకాడు.

చెయ్యి చాచాడో లేదో ఒడ్డున ఉన్న ఇసుక బుస్సున లేచింది. చూస్తూండగానే తాటిమొద్దంత కొండచిలువై అతని నడుం చుట్టేసింది. కత్తి దూసి నరికాడు. కత్తి ఇసుకలో దిగి ఇసుకలోంచి బయటికి వచ్చింది. తెగిన చోట మళ్లీ అతుక్కుంది. చుట్ట బిగిసి పక్కటెముకలు పటపటలాడుతున్నాయి. కళ్లు చీకట్లు కమ్ముతుండగా మేఘకేతుడికి ఒక ఉపాయం తట్టింది. కత్తి వదిలేసి, ఆ పామును రెండు చేతులా కౌగిలించుకుని, వెనక్కి పడి కాలువ నడిమికి దొర్లాడు. నీళ్లు తగిలిన ఇసుక ఉండలు ఉండలుగా విడిపోయింది. అతను దగ్గుతూ లేచేసరికి కొండచిలువ లేదు. మోకాళ్ల చుట్టూ కాస్త బురద తేలుతోంది.

మాంత్రికుడి మాయను గెలిచిన ఉత్సాహంతో పూలగుత్తి ఒకటి తుంచాడు.

"బాగుంది అబ్బీ! పామును చంపి విషం కోసుకుంటా ఉండావు."

గట్టు మీద ఒక ముసలిది నిలబడి ఉంది. పొడవాటి సన్నటి కాళ్లు, మోకాళ్ల పైకి దోపిన చీర, నెత్తిన కడవ. కొంగ ఒంటికాలి మీద నిలబడ్డట్టే ఉంది.

"ఎవరు నువ్వు అవ్వా?"

"కొంగవ్వ అనేవాళ్లు. ఇప్పుడు అనేదానికి కూడా ఎవురూ లేరు. ఈ జమ్ము కోసి బతికే జమ్మోళ్లంతా చాపలు చుట్టుకుని యాడికో పోయినారు. నువ్వెవురు? చాపల బేరగాడివా? యాడ చాపలున్నాయని దిగబడినావు?"

"చాపల కోసం కాదవ్వా. నా భార్య మీద ఒక మాంత్రికుడు బూడిద ఊదాడు, ఒంట్లో తడి ఆరిపోతోంది. నీరుగజ్జె తేనె కావాలి. దొరికింది."

కొంగవ్వ కడవ దించింది. కాలువలోంచి అప్పుడే ముంచిన నీళ్లలో నాలుగు పరిగెపిల్లలు తిరుగుతున్నాయి. అతని చేతిలోని గుత్తి లాక్కుని ఒక పువ్వు నలిపి రసం అందులో పిండింది. మేఘకేతుడు ఇంకా నోరు తెరవకముందే చేపపిల్లలు నాలుగూ వెల్లకిలా తేలాయి.

"ఇది దొంగగజ్జె. పోసేవాడివేనా నీ పెండ్లాం నోట్లో?"

మేఘకేతుడు తాటాకు తీసి చూపించాడు. "ఇదిగో బొమ్మ. అచ్చం ఇలాగే..."

"పెండ్లిచూపులకు పోయి మొగం ఒకటి చూసుకుని వచ్చేసినట్టుండాది నీ యవ్వారం" అంది కొంగవ్వ. "పిల్ల ఏ ఇంట్లో ఉంటాదో, ఇరుగుపొరుగు ఎవురో, ఎవురొచ్చి పోతా ఉంటారో అడగొద్దా? ఈ బొమ్మ గీసినోడు మేడలో కూసోని గీసినాడు. దీనికి కాళ్లేవి? కాళ్ల కింద బురదేది?"

ఆమె దొంగగజ్జె కాడ విరిచి చూపించింది. తెల్లటి పాలు కారాయి. "అసలుదాని కాడ విరిస్తే పాలు రావు. తామరతూడు మాదిరి దారాలు సాగతాయి. ఇది పారే నీళ్ల పక్కన, గులకరాళ్లలో పడి బతకతాది. నీరుగజ్జె అట్టా బతకదు. దానికి నీళ్లు కదలకూడదు. మోకాలిలోతు కంటే ఎక్కువ ఉండకూడదు. అడుగున బురద గడ్డపెరుగులా ఉండాల. తూర్పున జమ్ము అడ్డం ఉండాల. పొద్దు ఆ జమ్ము దాటి పైకొచ్చి మొగాన పడితేనే అది కన్ను తెరిచేది. పక్కన తుంగ ఉండాల. ఆకు కింద నత్తలు గుడ్లు పెట్టి ఉండాల. నత్త దొంగగజ్జె జోలికి పోదు, దానికి తెలుసు."

"అలాంటి చోటు ఎక్కడుంది?"

"నువ్వొచ్చిన దారంతా అదే." కొంగవ్వ పగుళ్లు బారిన నేల వైపు చెయ్యి చూపింది. "ఏడేండ్ల కింద కోటలో ఎవురో రాజుకొడుక్కి పెండ్లయిందంట. అక్కడ పెండ్లికొడుకు పెండ్లాం పేరున కాలువ తవ్వించాల, అది ఆచారమంట. మా పాలవాగుకు అడ్డంగా రాతికట్ట కట్టి నీళ్లు అటు తిప్పుకుని పోయినాడు. మీ చెరువా, మీ మడుగా అని అడిగిన పాపాన పోలేదు. వాడి చేతులు..." అని ఆగిపోయింది. "పోనీలే. రోగంతో ఉండేదానికి మందు కోసం వచ్చినోడివి. నీ దగ్గర తిట్లెందుకు."

మేఘకేతుడు తల వంచుకున్నాడు.

మణిగర్భలో రాణికొక కాలువ ఉండాలి. తాతమ్మ పేరున ఒకటి, నానమ్మ పేరున ఒకటి, తల్లి పేరున ఒకటి. అందరికంటే పొడుగు కాలువ తన భార్యకుండాలని అతను పంతం పట్టాడు. కాలువలోకి మొదటి నీళ్లు వచ్చిన రోజు తరళ పారాణి కాళ్లతో బురదలోకి దిగి పసిపిల్లలా నవ్వింది. దోసిలితో నీళ్లు ఎత్తుకుని, "ఈ నీళ్లు ఎక్కడివండీ?" అని అడిగింది.

"ఎక్కడివైతేనేం, ఇక నీవి" అన్నాడు తను. ఆ మాటకు కొలువంతా చప్పట్లు కొట్టింది.

"ఒక్క మొక్కయినా మిగల్లేదా అవ్వా?" అని అడిగాడు మేఘకేతుడు.

కొంగవ్వ చచ్చిన చేపలను పారబోసి, కడవ కడిగి, మళ్లీ ముంచి నెత్తికెత్తుకుంది. "నా అడుగులో అడుగేసి రా. పక్కకు తొక్కితే పైన పెచ్చు విరిగి గొంతుదాకా దిగిపోతావు" అంది.

గుర్రాన్ని గట్టునే వదిలి మేఘకేతుడు ఆమె వెంట నడిచాడు. అడుగు వేసినప్పుడల్లా నేల అప్పడంలా చిటపటమంది. ఒకచోట కాలు జారి నడుందాకా దిగబడితే, ముసలిది కడవ ఒలకకుండా ఒంటిచేత్తో అతని జుట్టు పట్టి పైకి లాగింది. పొద్దువాలే వేళకు ఒక ఎండు దుబ్బు దాటగానే మేఘకేతుడు నిలబడిపోయాడు.

నూర్పిడి కళ్లమంత మడుగు. తూర్పున పచ్చటి జమ్ము. ఒడ్డున వరసగా పదకొండు కడవలు.

"రోజుకు పదకొండు" అంది కొంగవ్వ. "కాలువనీళ్లు తెచ్చినవి తెచ్చినట్టు పోస్తే చచ్చిపోతాది. ఒకరోజు కడవలో నిలవబెట్టి, తేరినాక, ఒడ్డున ఆనించి చప్పుడు కాకుండా ఒంపాల. ముందు ఊరంతా మోసేవాళ్లం. తరవాత నేనూ నా కూతురు గువ్వా. పోయినేటి నుంచి నేనే."

మడుగులో రెండు మొక్కలు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ ఒక్కో మొగ్గ. ఆకు, మొగ్గ, రంగు, అన్నీ ఒకటే.

"ఒకటి గాలికి కొట్టుకొచ్చిన దొంగది. నేను పీకలేదు. మా జమ్మోళ్లలో ఇరుగుపొరుగు చెప్పలేనోడు నీరుగజ్జె మీద చెయ్యి వెయ్యకూడదు. కండ్లు మూసుకుని చెప్పు, ఏది ఏదో."

మేఘకేతుడు కళ్లు మూసుకుని నీళ్లలో దిగాడు. మొదటి మొక్క వేళ్ల దగ్గర చెయ్యి పెట్టాడు. గరుకుగా, చిన్న రాళ్లు. ఎప్పుడో కొట్టుకొచ్చిన ఇసుకతిప్ప. ఆకు వెనక తడిమితే నున్నగా ఉంది. రెండోదాని దగ్గరికి జరిగాడు. మోచేతిదాకా చల్లటి బురద జారింది, గడ్డపెరుగులాగే. ముంజేతికి తుంగ అంచు గీసుకుంది. ఆకు వెనక సగ్గుబియ్యం అంటించినట్టు నత్తగుడ్లు.

"ఇది."

"ఊ" అంది కొంగవ్వ. అతను ఒడ్డుకు వచ్చి, బురదచెయ్యి ఒక కడవకు ఆనించి నిలబడ్డాడు.

"రేపు పొద్దు జమ్ము దాటినప్పుడు విచ్చతాది. ఒక్కరోజే దాని బతుకు. తేనె తీస్తే తేనెటీగ రాదు, కాయ కట్టదు, విత్తు రాలదు. ఇంక భూమ్మీద నీరుగజ్జె ఉండదు. పోయినేడు నా గువ్వకు ఎండుజొరం వచ్చింది. ఇదే మడుగు, ఇదే మాదిరి ఒక్క పువ్వు. 'అమ్మా, మూడు చుక్కలు' అని అడిగింది. నేను తియ్యలేదు. ఆ పువ్వు విత్తే ఇది. ఇప్పుడు చెప్పు అబ్బీ, నీ పెండ్లాం కోసం తియ్యమంటావా?"

మేఘకేతుడు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అవ్వా, నేను చాపల బేరగాణ్ని కాను. ఆ కాలువ..."

"తెలుసులే." ఆమె కడవ వైపు చూపించింది. దాని మీద అతని బురదచెయ్యి అచ్చు పడి ఉంది, చిటికెనవేలు వంకరగా. "మీ కట్ట నడిమిరాయి మీద మొగుడూపెండ్లాల చేతిముద్రలున్నాయి గదా. ఏడాదికొకసారి పోయి ఆ వంకరవేలు మీద దుమ్మెత్తి పోసి వస్తా ఉన్నా. ఏడేండ్లు నిన్ను తిట్టడానికి మాటలు కూడబెట్టుకున్నా. తీరా నువ్వొచ్చినాక ఒక్కటీ గుర్తుకు రావడంలేదు."

కొంగవ్వ వంగి ఎండిన మట్టిపెళ్ల ఒకటి చేతిలోకి తీసుకుంది.

"పాత పూల విత్తులు ఈ నేలంతా ఉండాయి" అంది. "చావలేదు, నిద్రపోతా ఉండాయి. నీళ్లు తగిలితే లేస్తాయి. నువ్వు కట్టింది నువ్వే పడగొట్టు. వాగు నా మడుగుదాకా వస్తే ఆ పువ్వు నీది. ఇంకో మాట. మాయగాళ్లు ఏడేండ్ల ముందు మీ కోటలోకి ఎందుకు రాలేదో ఎప్పుడైనా అనుకున్నావా? నీ పెండ్లాం మీద బూడిద ఊదిన ఆ ఎండుమొగమోడు నీళ్లు దాటలేడు. ఎండిన ఈ నేల మీదుగా మీ కోటకు పోతా ఉంటే నేను చూసినా. వాడికి దారి చేసిచ్చింది నువ్వే."

కొంగవ్వ ఇచ్చిన పలుగు భుజాన వేసుకుని మేఘకేతుడు వచ్చిన అడుగుల్లోనే గట్టుదాకా వెనక్కి నడిచి, దాన్ని జీనుకు కట్టి, గుర్రమెక్కి కాలువ వెంట ఎగువకు దౌడు తీశాడు. తూర్పు తెల్లబడేసరికి రాతికట్ట కనిపించింది. నల్లరాతి కట్ట, నడుమ గచ్చు పూసిన సున్నపురాయి. దాని మీద రెండు అరచేతులు. ఒకటి తనది. రెండోది చిన్నది. గాజులు అడ్డంపడి మణికట్టు దగ్గర ముద్ర కాస్త చెదిరింది.

ఆ రాయి ఒక్కటి కదిలితే కట్టంతా పోతుంది. కట్టినవాడు గనక అతనికి తెలుసు. జీనుకు కట్టిన పలుగు తీసి ఎత్తాడు.

"ఏమండీ!"

రాతి మీద తరళ నిలబడి ఉంది. అదే పెళ్లిచీర. అదే గొంతు. "నా పేరున ఉన్నది ఇదొక్కటే గదండీ. నేను పోయాక కూడా ఉండేది ఇదొక్కటే. దీన్నీ తుడిచేస్తారా?" ఆమె కళ్లలోంచి ధారగా కన్నీళ్లు కారాయి.

మేఘకేతుడి చేతిలో పలుగు జారింది. రెండడుగులు ముందుకు వేశాడు. ఆ ముఖం చూస్తూ ఇంకో అడుగు వెయ్యబోయి, చూపు కిందికి దించాడు. ఆమె కాళ్ల కింద రాయి తడిగా ఉంది. పాదాలు మాత్రం పొడిగా ఉన్నాయి. వేళ్ల చుట్టూ రాతిమీది పచ్చటి నాచు మాడి గోధుమరంగుకు తిరుగుతోంది. అంతదాకా అరుస్తున్న కప్పలు ఆ చుట్టుపక్కల ఒక్కటీ అరవడం లేదు.

ఇక ఆ కన్నీళ్లు. పదిరోజులుగా తరళ ఏడవలేకపోతోంది. ఆ కళ్లలో ఒక్క తడిచుక్క కోసమే తను ఇంతదూరం వచ్చాడు.

"నా తరళకు కన్నీళ్లు లేవురా నీచుడా!" అని పలుగు అందుకుని విసిరాడు.

పలుగు భుజంలో దిగగానే పెళ్లిచీర చిరిగి బూడిదైంది. ఎండుకట్టెలాంటి శుష్కమౌళి వికృతంగా అరుస్తూ బోడిమెడ రాబందై పైకి లేచాడు. "నువ్వు వెళ్లేలోపు నేనే వెళ్తా! కిటికీ తెరిచి వెన్నెలను నేనే లోపలికి పిలుస్తా!" అని కేకవేస్తూ, ఒక రెక్క ఈడ్చుకుంటూ, ఇంకా తడవని చిత్తడి మీదుగా రాజధాని వైపు సాగిపోయాడు.

మేఘకేతుడు కిందపడిన పలుగు తీసుకున్నాడు. ఆ చిన్న అరచేతి ముద్ర మీద ఒక్కసారి తన చెయ్యి ఉంచాడు. గచ్చు చల్లగా ఉంది. తర్వాత ముద్రల నడుమ పలుగు దింపి, శక్తికొద్దీ వంచాడు. ఒకటి, రెండు, మూడోసారికి రాయి రెండుగా పగిలింది. ముందు సన్నటి ధార. ఆ పైన పెళపెళమని కట్టంతా కుప్పకూలింది. ఏడేళ్ల తర్వాత పాలవాగు తన పాతదారి పట్టింది. ఆ నీళ్లతో పందెం వేసినట్టు గుర్రం వాగు పాత గట్టు మీది గట్టినేల వెంట, అడ్డదారిన మడుగు వైపు పరుగెత్తింది.

పొద్దు జమ్ము తలల మీదికి వచ్చే వేళకు నీళ్లు మడుగును చేరాయి. చాలా నెమ్మదిగా, పగులులో నుంచి పగులులోకి దిగుతూ, నురగ కూడా లేకుండా వచ్చాయి. ఎండ మొగ్గ మీద పడింది. ఒక రేకు, మరొకటి, అయిదు రేకులు. ఊదారంగు గొంతులో మూడు చుక్కలు మెరిశాయి. కొంగవ్వ తనే వంగి వాటిని ఒక ముత్యపుచిప్పలోకి దించి, మైనంతో మూత అంటించింది. చిప్ప ఇచ్చాక, ఖాళీ అయిన పువ్వును రెండు వేళ్లతో పట్టుకుని, "గువ్వా, గువ్వా" అని రెండుసార్లు పిలిచింది.

మేఘకేతుడు ఆమె పాదాలకు మొక్కబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది.

"మొక్కొద్దు. నేను నిన్ను క్షమించలా. పో."

పున్నమి చంద్రుడు లేవడానికి ఇక రెండున్నర రోజులు. దారి మూడు రోజులు. రాత్రుళ్లు కూడా ఆగకుండా పోతే అందుకోవచ్చు. ముందు ఆకాశంలో రాబందు అప్పటికే చుక్కంత అయింది. మేఘకేతుడు చిప్పను తలపాగాలో కట్టుకుని గుర్రమెక్కాడు. నీళ్లు గుర్రం గిట్టలను తాకుతున్నాయి.

"అబ్బీ!" కొంగవ్వ వెనకనుంచి కేకేసింది. మోకాలిలోతు నీళ్లలో, పదకొండు కడవల పక్కన, ఒంటరిగా నిలబడి ఉంది. "నీ పెండ్లాం లేచి కూసుంటే, ఆ చుక్కలు యాడివని అడిగితే, ఈసారన్నా సరిగ్గా చెప్పు."

ఏడేళ్ల కిందట తరళకు తను చెప్పిన 'ఎక్కడివైతేనేం' అన్న మాట ఈమెకెలా తెలుసో అతను అడగలేదు. నిజానికి ఆమెకు తెలియదు. ఊరికే అంది. మేఘకేతుడు కళ్లు తుడుచుకుని, గుర్రాన్ని అదిలించాడు.